పాత కొరోల్లాలో 4ఏ-జీఈ ట్విన్ క్యామ్: ఇంజన్ ఎంచుకోవడం నించి క్యామ్‌లు మార్చేదాకా

పాత కొరోల్లా కేఈ70 ఉన్నోళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ పిచ్చి పట్టుకుంటుంది. కారు తేలికగా ఉంటుంది, వెనక చక్రాల డ్రైవ్, నాలుగు లింకుల కాయిల్ సస్పెన్షన్, అన్నీ బానే ఉంటాయి, బానెట్ ఎత్తితే మాత్రం 1290 సీసీ 4కే ఇంజన్, పుష్‌రాడ్‌ది. పాపం అది చావదు, అలాగని పరిగెత్తదు కూడా. దాని స్థానంలో టయోటా వాళ్ళ 4ఏ-జీఈ ట్విన్ క్యామ్ (వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టులు రెండున్న ఇంజన్) ఎలా కూర్చోబెట్టాలో, కూర్చున్నాక దాన్ని ఎలా మోడిఫై చేయాలో మొత్తం వరసగా రాస్తున్నా.

ముందే ఒకటి చెప్పేస్తా, మొత్తం పనిలో నేను పట్టు పట్టేది ఇదొక్కటే. ఇంజన్ ని ముందు స్టాక్ గానే, అంటే కంపెనీ చేసినట్టుగానే, ఎక్కించండి, స్టాక్ గానే ఒక వెయ్యి కిలోమీటర్లు నడపండి, ఆ తర్వాతే క్యామ్‌లూ కంప్రెషనూ ముట్టుకోండి. రెండూ ఒకేసారి చేస్తే, రేపు కారు ముక్కుతుంటే తప్పు వైరింగ్ దా, క్యామ్ టైమింగ్ దా, పెట్రోల్ ప్రెషర్ దా అని వెతుక్కుంటూ నెలలు పోతాయి. నేను చూసిన సగంలో ఆగిపోయిన ఇంజన్ స్వాప్‌లలో ఎక్కువ ఇలా ఆగినవే.

ఇంకోటి, ఇంజన్ మారిస్తే రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇంజన్ నంబర్ మారాలి, ఇన్సూరెన్స్ కి చెప్పాలి, మీరున్న చోట రూల్ ఏంటో పని మొదలుపెట్టకముందే కనుక్కోండి, అయిపోయాక కాదు.

ఏ 4ఏ-జీఈ తెచ్చుకోవాలి

ఈ ఇంజన్ 1983లో వచ్చింది, 1587 సీసీ, బోర్ 81 ఎంఎం, స్ట్రోక్ 77 ఎంఎం, హెడ్ డిజైన్ లో యమహా చెయ్యి ఉంది. అన్నీ 4ఏ-జీఈలే అంటారు గానీ లోపల చాలా తేడాలున్నాయి.

మొదటి రకం బిగ్ పోర్ట్, 16 వాల్వులు, కంప్రెషన్ (సిలిండర్ లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) 9.4, ఇన్‌టేక్ లో టీ-విస్ అని ఒక సిస్టమ్ ఉంటుంది, ప్రతి సిలిండర్ కి రెండు ఇన్‌టేక్ దారులుంటే కింద ఆర్‌పీఎంలో ఒకటి మూసి ఉంచి, 4,000 దాటాక కొంచెం పైన రెండోది తెరుస్తుంది. అసలు పోర్టులే (హెడ్ లో గాలి దూరే దారులు) పెద్దవి కాబట్టి కింద గాలి వేగం చచ్చిపోకుండా ఇది పెట్టారన్నమాట. వీటిలోనే మొదట వచ్చిన బ్లాకులకి పక్కన మూడు రిబ్బులు (గట్టుల్లాంటి ఉబ్బులు), క్రాంక్ లో కనెక్టింగ్ రాడ్ జర్నల్ 40 ఎంఎం. తర్వాత వచ్చినవాటికి ఏడు రిబ్బులు, జర్నల్ 42 ఎంఎం, పిస్టన్ పిన్ కూడా లావు, 20 ఎంఎం. మోడిఫై చేసే ఉద్దేశం ఉంటే ఏడు రిబ్బుల బ్లాకే వెతకండి, బ్లాక్ పక్కన వేళ్ళతో తడిమినా రిబ్బులు లెక్కపెట్టొచ్చు.

1989లో స్మాల్ పోర్ట్ వచ్చింది, పైన అక్షరాలు ఎర్రగా ఉంటాయి కాబట్టి రెడ్‌టాప్ అంటారు, కంప్రెషన్ 10.3, టీ-విస్ తీసేశారు. నన్నడిగితే రోడ్డు మీద నడిపే కారుకి ఇదే బెస్ట్.

ఆ తర్వాత 20 వాల్వులవి, సిలిండర్ కి మూడు ఇన్‌టేక్ రెండు ఎగ్జాస్ట్. 1991 సిల్వర్‌టాప్ 160 పీఎస్, 1995 బ్లాక్‌టాప్ 165 పీఎస్, నాలుగు సిలిండర్లకి నాలుగు విడి థ్రాటిల్ బాడీలు, ఇన్‌టేక్ క్యామ్ కి వేరియబుల్ టైమింగ్. వినడానికి నోరూరుతుంది, కానీ ఇవి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలోనే వచ్చాయి. అంటే డిస్ట్రిబ్యూటర్ హెడ్ వెనక చివర ఉంటుంది, వాటర్ అవుట్‌లెట్ కూడా అటే, మన కారులో నిలువుగా పెట్టగానే రెండూ వెళ్ళి ఫైర్‌వాల్ కి తగుల్తాయి. డిస్ట్రిబ్యూటర్ తీసేసి కాయిల్స్ పెట్టి వేరే ఈసీయూతో (ఇంజన్ ని నడిపే కంప్యూటర్) నడపాలి, నీళ్ళ దారి ముందుకి తిప్పాలి. చేయలేనిది కాదు, మొదటి స్వాప్ కి మాత్రం వద్దు. ఈ గైడ్ 16 వాల్వుల దానికే, అందులోనూ దొరికితే ఏఈ86 అనే కొరోల్లా నించి దిగింది తెచ్చుకోండి, అది పుట్టుకతోనే వెనక చక్రాల డ్రైవ్ ఇంజన్.

కొనేటప్పుడు

అమ్మేవాడి మాట కన్నా కంప్రెషన్ గేజ్ మాట నమ్మండి. ప్లగ్గులు నాలుగూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాలి. బిగ్ పోర్ట్ కి కొత్తలో 179 పీఎస్ఐ చుట్టూ రావాలి, 142 కన్నా తగ్గితే ఓవర్‌హాల్ కి సిద్ధపడి బేరం ఆడండి, సిలిండర్ కీ సిలిండర్ కీ 14 పీఎస్ఐ కన్నా తేడా ఉండకూడదు. అంకెలు అన్నీ ఒకేలా కొంచెం తక్కువైతే పర్లేదు, మూడు బాగుండి ఒకటి చచ్చిపోతే అక్కడ కథ వేరు.

ఆయిల్ ఫిల్లర్ మూత తీసి టార్చ్ వేసి క్యామ్ లోబ్స్ (వాల్వుల్ని నొక్కే గుబ్బలు) చూడండి, గీతలు పడి ఉంటే వదిలేయండి. ఇంజన్ తో పాటు ఏవేవి ఇస్తున్నాడో రాయించుకోండి: వైరింగ్ మొత్తం కోయకుండా, ఈసీయూ, ఎయిర్ ఫ్లో మీటర్ లేదా మ్యాప్ సెన్సర్ (ఇంజన్ తాగే గాలిని లెక్కగట్టేవి), ఇగ్నైటర్, కాయిల్, డైనమో, సెల్ఫ్, ఫ్లైవీల్. ఒకే కారువి అయ్యుండాలి. ఎయిర్ ఫ్లో మీటర్ తో నడిచే ఇంజన్ ఈసీయూ వేరు, మ్యాప్ సెన్సర్ తో నడిచేదాని ఈసీయూ వేరు, కలపడం కుదరదు. వైరింగ్ ని ఈసీయూ ప్లగ్ దగ్గర కత్తిరించి ఇచ్చారంటే ఆ ఇంజన్ చవగ్గా వచ్చినట్టు కాదు, మీ రెండు వారాలు పోయినట్టు.

గేర్‌బాక్స్ సంగతికొస్తే, కే ఇంజన్ గేర్‌బాక్స్ దీనికి బిగదు, బెల్ హౌసింగే (ఇంజన్ కి బిగించే ముందు భాగం) వేరు. టీ50 కావాలి. ఏఈ86లోనూ, 4ఏ-సీ ఇంజన్ తో వచ్చిన ఏఈ71 కొరోల్లాలోనూ ఉండేది ఇదే. ఏఈ71 మీ కారు బాడీయే కాబట్టి క్రాస్ మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలం), ఇంజన్ మౌంట్లు, గేర్‌బాక్స్ కింద పట్టీ దాన్నించి దొరికితే వెల్డింగ్ పని సగం తప్పినట్టే.

పాతది దించేముందు

కొలతలు తీస్కోండి, ఫొటోలు కాదు కొలతలు. గేర్ లీవర్ కన్నం మధ్య నించి ఫైర్‌వాల్ దాకా ఎంత, క్రాంక్ పుల్లీ నించి రేడియేటర్ దాకా ఎంత, ఫ్లాంజ్ దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏ కోణంలో ఉంది, ఇంజన్ కింద ఆయిల్ చాంబర్ అడుగు నేలకి ఎంత ఎత్తులో ఉంది. పాత ఇంజన్ బయటికొచ్చాక ఇవి కొలవడానికి ఏమీ మిగలదు.

బ్యాటరీ తీసి, నీళ్ళు ఆయిలు దించి, బానెట్ హింజుల చుట్టూ మార్కర్ తో గీసి బానెట్ తీసేయండి. ఇంజనూ గేర్‌బాక్సూ కలిపే బయటికి లాగడం తేలిక, ముందు ఎత్తి వెనక దించి ఏటవాలుగా తియ్యాలి. కారు జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. చైన్ బ్లాక్ కి వేలాడుతున్న ఇంజన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

ఇంజన్ నేల మీద ఉన్నప్పుడే చేయాల్సినవి

ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏడుస్తారు. టైమింగ్ బెల్ట్, టెన్షనర్ బేరింగ్, వాటర్ పంప్, క్రాంక్ ముందు సీలు, వెనక సీలు, క్యామ్ సీళ్ళు, అన్నీ కొత్తవే వెయ్యండి. బెల్ట్ వేసేటప్పుడు క్రాంక్ పుల్లీ గాడి సున్నా గీత దగ్గర, రెండు క్యామ్ పుల్లీల గుర్తులు వెనక ప్లేట్ గుర్తులకి ఎదురుగా పెట్టాలి. టెన్షనర్ వదిలి, క్రాంక్ బోల్ట్ కి సాకెట్ వేసి చేత్తో గడియారం తిరిగే వైపే రెండు పూర్తి రౌండ్లు తిప్పి మళ్ళీ గుర్తులు చూడండి. ఒక పన్ను అటూ ఇటూ అయితే ఇప్పుడే కనిపిస్తుంది. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతంగా తిప్పొద్దు.

ట్యాపెట్ క్లియరెన్స్ (క్యామ్ కీ దాని కింద షిమ్ కీ మధ్య సందు) చల్లగా ఉన్నప్పుడు చూడాలి, ఇన్‌టేక్ 0.15 నించి 0.25 ఎంఎం, ఎగ్జాస్ట్ 0.20 నించి 0.30 ఎంఎం. దీంట్లో స్క్రూలు ఉండవు, బకెట్ (వాల్వ్ మీద బోర్లించిన గిన్నెలాంటి ముక్క) పైన బిళ్ళలాగా షిమ్ ఉంటుంది, మందం మార్చి సరిచేయాలి. పదహారూ కొలిచి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, క్యామ్‌లు మార్చేటప్పుడు ఆ కాగితం మళ్ళీ కావాలి.

ఇప్పుడు అందరూ మర్చిపోయే చిన్న ముక్క, పైలట్ బేరింగ్. వెనక చక్రాల డ్రైవ్ లో గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొస వెళ్ళి క్రాంక్ వెనకాల మధ్యలో ఉండే చిన్న బేరింగ్ లో కూర్చుంటుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు నించి వచ్చిన ఇంజన్ లో అది ఉండదు, దాని అవసరం వాళ్ళకి లేదు కాబట్టి. నేను మొదటిసారి ఇది పెట్టకుండా గేర్‌బాక్స్ బిగించేశా, ఎంత శుభ్రంగా దూరిందో అని మురిసిపోయా కూడా, ఇంజన్ స్టార్ట్ చేసి క్లచ్ తొక్కితే లోపల్నించి గిర్రుమని చప్పుడు, ఫస్ట్ గేర్ వేస్తే పళ్ళు కొరికినట్టు. మళ్ళీ మొత్తం దించి చూస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ కి పట్టు లేక ఊగుతోంది. వేళ్ళ మధ్య పట్టే బేరింగ్ ముక్క కోసం రెండు రోజులు పోయినయి. కాబట్టి గేర్‌బాక్స్ కలిపేముందు క్రాంక్ వెనక కన్నంలో వేలు పెట్టి తిప్పి చూడండి, బేరింగ్ తిరిగితే ముందుకెళ్ళండి.

క్లచ్ ప్లేట్ స్ప్లైన్లు (మధ్య కన్నంలోని పళ్ళు) టీ50 షాఫ్ట్ మీద జారుతున్నాయా లేదా బల్ల మీదే చూస్కోండి. ఫ్లైవీల్ కి ఎన్ని బోల్టులో, క్రాంక్ కి ఎన్ని కన్నాలో కూడా లెక్కపెట్టండి, నవ్వొచ్చినా సరే.

కూర్చోబెట్టడం

ఫ్రంట్ వీల్ కారు ఇంజన్ అయితే కింద ఆయిల్ చాంబర్ మన క్రాస్ మెంబర్ కి తగుల్తుంది. వెనక చక్రాల డ్రైవ్ చాంబర్ వెయ్యాలి, దాంతో పాటు లోపలి ఆయిల్ పికప్ గొట్టం, డిప్‌స్టిక్ కూడా అదే సెట్ వి అయ్యుండాలి. చాంబర్ మార్చి పాత పికప్ ఉంచేస్తే జల్లెడ అడుక్కి అందదు, లేదంటే అడుక్కి ఆనుకుపోతుంది, రెండిట్లో ఏది జరిగినా బేరింగులు పోతాయి. పికప్ జల్లెడకీ చాంబర్ అడుగుకీ మధ్య సందు ఎంతుందో మైనం ముద్ద పెట్టి నొక్కి చూడొచ్చు, 8 నించి 10 ఎంఎం ఉంటే హాయి.

బ్లాక్ మీద ఏఈ86 మౌంట్ బ్రాకెట్లకి కావాల్సిన కన్నాలు ఫ్రంట్ వీల్ బ్లాకుల్లో కూడా ఉంటాయి, అదొక అదృష్టం. ఏఈ71 క్రాస్ మెంబర్ దొరక్కపోతే మౌంట్ పట్టీలు చేయించాలి, అప్పుడు వరస ఇలా: ఇంజన్ గేర్‌బాక్స్ కలిపి లోపల పెట్టి, గేర్ లీవర్ కన్నం మధ్యకి వచ్చేలా, చాంబర్ క్రాస్ మెంబర్ కి కనీసం 15 ఎంఎం దూరంగా, హెడ్ వెనక్కి ఫైర్‌వాల్ కి వేళ్ళు దూరేంత సందు ఉండేలా చెక్కముక్కలతో నిలబెట్టండి. ముందు చుక్క వెల్డింగే పెట్టండి, బానెట్ మూసి చూడండి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూడండి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పెట్టి స్టీరింగ్ బాక్స్ కి తగులుతుందేమో చూడండి, అన్నీ అయ్యాక బయటికి తీసి పూర్తి వెల్డింగ్. రబ్బరు మౌంట్ కి దగ్గర్లో వెల్డింగ్ చేస్తే రబ్బరు ఉడికిపోతుంది. కారు మీద వెల్డింగ్ చేసినప్పుడల్లా బ్యాటరీ, డైనమో, ఈసీయూ ప్లగ్గులు తీసేయండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ ని పొడుగు సరిచేయించి బ్యాలెన్స్ చేయించాల్సిందే. గేర్‌బాక్స్ లోకి దూరే యోక్ పూర్తిగా లోపలికి తోసి, అక్కణ్ణించి ఓ 20 నించి 25 ఎంఎం వెనక్కి లాగిన చోట, కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ దాకా కొలవండి. చక్రాలు వేలాడుతుండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. గేర్‌బాక్స్ వెనక కోణం, డిఫరెన్షియల్ ముక్కు కోణం సమానంగా ఉండాలి, ఒక డిగ్రీ లోపు తేడా పర్లేదు, అంతకంటే ఎక్కువైతే 80 దాటాక సీటు కింద నించి గుర్రు మొదలవుతుంది.

డిఫరెన్షియల్ గురించి, ఏఈ86లో ఈ ఇంజన్ కి 6.7 అంగుళాలది, 4.3 రేషియోతో వచ్చింది. టీ50 ఐదో గేర్ 0.861, 185/60 ఆర్14 టైర్లతో లెక్కేస్తే 100 కిలోమీటర్ల వేగంలో 3,400 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. హైవేకి కొంచెం గోలే, కానీ ఈ ఇంజన్ కి దమ్ము పైన ఉంటుంది కాబట్టి పొడుగు రేషియో వేసి దాని గొంతు నొక్కొద్దు. పాత చిన్న డిఫరెన్షియల్ మెల్లగా నడిపితే కొన్నాళ్ళు ఆగుతుంది, క్లచ్ కొట్టి వదిలే అలవాటు ఉంటే ఆగదు.

పెట్రోల్ లైన్

కర్బరేటర్ పంపు ఇచ్చేది నాలుగైదు పీఎస్ఐలే. ఇంజెక్షన్ కి వాక్యూమ్ పైపు పీకేసి చూస్తే 38 నించి 44 పీఎస్ఐ దాకా కావాలి. కాబట్టి ఎలక్ట్రిక్ హై ప్రెషర్ పంపు, ఇంజెక్షన్ ఫిల్టర్, రెగ్యులేటర్ నించి ట్యాంక్ కి తిరిగొచ్చే పైపు, మూడూ కొత్తగా వెయ్యాలి. పాత కర్బరేటర్ రబ్బరు గొట్టాలు ఈ ప్రెషర్ కి ఆగవు, ఇంజెక్షన్ కోసం చేసిన గొట్టాలూ, రబ్బరుని కోయని గుండ్రటి క్లిప్పులే వాడండి. ఇక్కడ పొదుపు చేస్తే వేడి మానిఫోల్డ్ మీద పెట్రోల్ చిమ్ముతుంది, ఇంకేం చెప్పక్కర్లేదు.

పాత ట్యాంక్ లో అడ్డు గోడలు ఉండవు కాబట్టి సగం ట్యాంక్ లో మలుపు తిరిగితే పంపు గాలి పీలుస్తుంది. దానికి స్విర్ల్ పాట్ అనే చిన్న డబ్బా పెట్టి, పాత రకం తక్కువ ప్రెషర్ పంపుతో దాన్ని నింపి, హై ప్రెషర్ పంపు దాంట్లోంచి తాగేలా చేస్తే సరిపోద్ది.

వైరింగ్, అందరూ భయపడే చోటు

నిజానికి ఈ ఈసీయూ అడిగేది తక్కువే. బ్యాటరీ నించి ఎప్పుడూ ఉండే పవర్ ఒకటి, కీ తిప్పితే వచ్చే పవర్ ఒకటి, సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే వచ్చే సిగ్నల్ ఒకటి, మంచి ఎర్త్. మిగతావన్నీ ఇంజన్ వైరింగ్ లోనే దాని సెన్సర్లకి దానికే పోతాయి. పాత కారు వైరింగ్ ని కోసి అతికించకుండా, ఇంజన్ వైరింగ్ ని విడిగా ఉంచి ఈ నాలుగు తీగలతోనే కలపండి, తర్వాత తప్పు వెతకడం చిటికెలో పని.

ఎర్త్ ని చులకన చేయొద్దు. బ్యాటరీ నెగటివ్ నించి బ్లాక్ కి లావు తీగ, బ్లాక్ నించి బాడీకి ఇంకోటి, ఈసీయూ ఎర్త్ తీగలు ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద పెయింట్ గీకిన చోట. సెల్ఫ్ కొడుతుండగా మల్టీమీటర్ తో బ్యాటరీ నెగటివ్ కీ బ్లాక్ కీ మధ్య చూస్తే 0.2 వోల్టు కన్నా ఎక్కువ ఉండకూడదు. ఉంటే ఆ బోల్ట్ విప్పి గీకి మళ్ళీ బిగించండి.

వాటర్ టెంపరేచర్ సెన్సర్ రెండు తీగలది, 20 డిగ్రీల దగ్గర 2 నించి 3 కిలో ఓమ్స్, 80 దగ్గర 200 నించి 400 ఓమ్స్ రావాలి. దీని ప్లగ్ ఊడితే ఈసీయూకి ఇంజన్ చల్లగా ఉందో కాగుతోందో తెలీదు, స్టార్టింగూ మైలేజీ రెండూ పాడవుతాయి.

ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న రకంలో ఒక మెలిక ఉంది. లోపల తలుపులాంటి రెక్క ఉంటుంది, గాలి పీలిస్తే తెరుచుకుంటుంది, పెట్రోల్ పంపు నడిపే స్విచ్ ఆ రెక్కలోనే ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు వేరే దారిలో నడుస్తుంది, కీ వదలగానే రెక్క తెరుచుకుని ఉంటేనే పంపు ఆగకుండా నడుస్తుంది. అంచేత మీటర్ కీ థ్రాటిల్ కీ మధ్య గొట్టం ఎక్కడైనా చీలినా, ఆయిల్ మూత పెట్టకపోయినా, డిప్‌స్టిక్ పూర్తిగా దిగకపోయినా గాలి రెక్కని దాటేసి పక్కదారిన దూరుతుంది, ఇంజన్ అందుకుని వెంటనే ఆగిపోతుంది, మళ్ళీ అందుకుంటుంది, మళ్ళీ ఆగిపోతుంది. పరీక్ష సులువు: ఎయిర్ ఫిల్టర్ తీసి కీ ఆన్ లో పెట్టి వేలితో రెక్కని మెల్లగా లోపలికి తోయండి, వెనక్నించి పంపు జుయ్యిమని మోగాలి, వేలు తీస్తే ఆగాలి. మోగితే వైరింగ్ బాగుంది, గాలి లీక్ వెతకండి.

పాత కారులో డైనమో రెగ్యులేటర్ విడిగా బయట ఉంటే దాన్ని పక్కన పెట్టేయాలి, కొత్త డైనమోకి అది లోపలే ఉంటుంది. ఛార్జింగ్ లైట్ తీగ డైనమో ఎల్ కాలుకి పోవాలి.

నీళ్ళు, బ్రేకులు

4కే రేడియేటర్ కి ఈ ఇంజన్ వేడి ఎక్కువ, రెండు వరసల కోర్ ఉన్నది వెయ్యండి. థర్మోస్టాట్ ఈ ఇంజన్ లో పంపులోకి నీళ్ళు వచ్చే వైపు ఉంటుంది, అందుకని బైపాస్ గొట్టం మూసేస్తే థర్మోస్టాట్ కి వేడి తెలీక ఆలస్యంగా తెరుచుకుంటుంది, అది మూయొద్దు. నీళ్ళు నింపేటప్పుడు కారు ముక్కు ఎత్తి పెట్టి, హీటర్ తెరిచి, గాలి బుడగలు ఆగేదాకా నింపండి.

బ్రేకులు మాత్రం తర్వాత చూద్దాం అనకండి. పాత సన్న డిస్కులు పాత ఇంజన్ కోసం పెట్టినవి, ఈ ఇంజన్ కారుని అంతకు రెట్టింపు శక్తితో తోస్తుంది. ఏఈ86 స్ట్రట్లతో పాటు గాలి ఆడే డిస్కులు పెట్టండి, వెనక డ్రమ్ముల లైనింగ్ కొత్తది వెయ్యండి, బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చండి.

మొదటి స్టార్ట్

ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి, ఇంజెక్షన్ ఫ్యూజ్ పీకి, ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి, పది సెకన్లకోసారి ఆపి సెల్ఫ్ ని చల్లారనివ్వండి. తర్వాత పెట్రోల్ పంపు మాత్రం నడిపి ప్రతి జాయింట్ దగ్గరా వేలితో తడిమి వాసన చూడండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి. ప్లగ్ వైర్లు 1-3-4-2 వరసలో వెయ్యండి.

అందుకున్నాక వేడెక్కనిచ్చి, చెక్ కనెక్టర్ లో టీ, ఈ1 అనే కాళ్ళు కలిపి టైమింగ్ లైట్ తో చూస్తే 10 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ కాళ్ళు కలపకుండా చూసే అంకెకి అర్థం లేదు, ఈసీయూ తన ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ ఉంటుంది.

ఇక వెయ్యి కిలోమీటర్లు నడపండి. మౌంట్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు వంద కిలోమీటర్లకి ఒకసారి, ఐదొందలకి ఒకసారి మళ్ళీ బిగించండి. వచ్చే చిన్న చిన్న రోగాలన్నీ ఇక్కడే నయం చేస్కోవాలి.

ఇప్పుడు మోడిఫికేషన్

మొదట ఎగ్జాస్ట్. 4-2-1 మానిఫోల్డ్ (నాలుగు గొట్టాలు రెండై, రెండూ ఒకటయ్యేది), దాని వెనక 50 ఎంఎం గొట్టం, 1.6 లీటర్ కి అంతకన్నా లావు పెడితే చప్పుడే మిగుల్తుంది. టీ-విస్ పని చేస్తుంటే దాన్ని తీసేయొద్దు, చాలామంది పీకేసి కింద లాగడం లేదని ఏడుస్తారు.

తర్వాత కంప్రెషన్. లెక్క చూడండి. ఒక సిలిండర్ 396.8 సీసీ, 9.4 కంప్రెషన్ అంటే పైన మిగిలే చోటు 47.2 సీసీ. హెడ్ గ్యాస్కెట్ ని 0.4 ఎంఎం పల్చటిది వేస్తే 81 ఎంఎం బోర్ లో దాదాపు 2 సీసీ తగ్గుతుంది, అంటే 45.2 సీసీ, కంప్రెషన్ 9.8కి వస్తుంది. రెడ్‌టాప్ 10.3కి రావాలంటే ఆ చోటు 42.7కి దిగాలి. హెడ్ లో పెట్రోల్ మండే చాంబర్ లో ఎంత పడుతుందో పైన గాజు పలక పెట్టి సిరంజితో ఆయిల్ పోసి కొలవొచ్చు, ఊహించొద్దు. కంప్రెషన్ పెరిగే కొద్దీ ఆక్టేన్ ఎక్కువ పెట్రోల్ కావాలి, మామూలుది పోసి టైమింగ్ తగ్గించి నడిపితే పెంచిన లాభం అక్కడే పోతుంది. హెడ్ బోల్టులు మధ్య నించి బయటికి వరసలో 29 న్యూటన్ మీటర్లు, తర్వాత 90 డిగ్రీలు, మళ్ళీ 90 డిగ్రీలు. బోల్ట్ తలల మీద పెయింట్ చుక్క పెట్టుకుంటే ఏది తిప్పారో ఏది తిప్పలేదో తెలుస్తుంది.

ఆ తర్వాత క్యామ్‌లు. స్టాక్‌వి 240 డిగ్రీలవి (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా వాల్వ్ తెరిచి ఉంటుందన్న లెక్క), రోడ్డుకి 256 లేదా 264 చాలు, 272 దాటితే ఐడిల్ గంతులేస్తుంది, 288, 304 లాంటివి రేసు కార్లకి. లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే దూరం) 8 ఎంఎం చుట్టుపక్కల దాకా బకెట్ పైన షిమ్ తట్టుకుంటుంది, అంతకు మించితే పైకి తిరిగినప్పుడు లోబ్ అంచు షిమ్ ని ఎగరగొట్టొచ్చు, అప్పుడు షిమ్ కింద ఉండే రకం బకెట్లు వెయ్యాలి. వాటితో పాటు గట్టి వాల్వ్ స్ప్రింగులు.

హెడ్ చెక్కించినా, గ్యాస్కెట్ పల్చటిదైనా, క్యామ్ పెద్దదైనా, వాల్వ్ పిస్టన్ కి తగుల్తుందేమో కచ్చితంగా చూడాలి. పిల్లలు ఆడుకునే మైనం తీస్కుని పిస్టన్ మీద వాల్వ్ గాళ్ళలో పలచటి బిళ్ళలా అద్దండి, పైన కొంచెం ఆయిల్ రాయండి అంటుకోకుండా. హెడ్ పెట్టి బోల్టులు బిగించి, బెల్ట్ వేసి, చేత్తో రెండు రౌండ్లు తిప్పి, హెడ్ మళ్ళీ ఎత్తండి. మైనం మీద వాల్వ్ అంచు నెలవంకలాగా అచ్చు పడి ఉంటుంది. బ్లేడుతో అచ్చు లోతైన చోట నిలువుగా కోసి, మిగిలిన మందం వెర్నియర్ తో కొలవండి. ఇన్‌టేక్ వైపు 1.5 ఎంఎం, ఎగ్జాస్ట్ వైపు 2 ఎంఎం తగ్గకూడదు. తగ్గితే పిస్టన్ గాళ్ళు లోతు చేయించాలి, పర్లేదులే అనుకుంటే 7,500 దగ్గర వాల్వే సమాధానం చెప్తుంది.

హెడ్ కిందకి దిగితే బెల్ట్ లెక్కలో క్యామ్ టైమింగ్ కొంచెం వెనకపడుతుంది, అందుకే అడ్జస్ట్ అయ్యే క్యామ్ పుల్లీలు కావాలి. క్రాంక్ మీద డిగ్రీల చక్రం, బకెట్ మీద డయల్ గేజ్ పెట్టి, క్యామ్ తో వచ్చిన కాగితంలో ఇచ్చిన అంకెకి తెండి. కొత్త క్యామ్‌లకి అసెంబ్లీ పేస్ట్ రాసి, స్టార్ట్ అయిన వెంటనే ఐడిల్ లో వదలకుండా 2,000 నించి 2,500 మధ్య 20 నిమిషాలు నడపాలి.

పెద్ద క్యామ్‌లు పెట్టాక పాత ఈసీయూలో ఉన్న పెట్రోల్, టైమింగ్ లెక్కలు సరిపోవు, విడిగా ట్యూన్ చేసుకునే ఈసీయూ, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పవు. గాలికీ పెట్రోల్ కీ నిష్పత్తి పూర్తి థ్రాటిల్ లో 12.6 నించి 13.0 మధ్య, మామూలుగా పోతున్నప్పుడు 14.7 చుట్టూ ఉండేలా పెట్రోల్ సరిచేయండి, ఆ తర్వాతే ఇగ్నిషన్ ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ పోండి, నాక్ (లోపల్నించి టకటకమనే చప్పుడు) వినిపించిన చోటికి రెండు డిగ్రీలు వెనక్కి. 20 వాల్వుల ఇంజన్ నాలుగు థ్రాటిల్ బాడీలని అడాప్టర్ తో 16 వాల్వుల హెడ్ కి పెట్టేవాళ్ళూ ఉన్నారు, నాకూ ఇష్టమే ఆ చప్పుడు, కానీ విడి థ్రాటిల్స్ తో వాక్యూమ్ సిగ్నల్ గంతులేస్తుంది కాబట్టి ఈసీయూకి థ్రాటిల్ ఎంత తెరిచారన్నదే ముఖ్యమైన లెక్కగా ఇవ్వాలి. నాలుగు బాడీలూ సమానంగా గాలి తాగుతున్నాయో లేదో ఎయిర్ ఫ్లో గేజ్ తో ఒక్కోటి చూసి స్క్రూలు తిప్పాలి, ఒకటి తిప్పితే ఇంకోటి మారుతుంది, ఓపిక పట్టి మూడు నాలుగు రౌండ్లు చేస్తే దారికొస్తుంది.

క్యామ్‌లు మార్చిన వెయ్యి కిలోమీటర్లకి వాల్వ్ కవర్ మళ్ళీ విప్పండి, పదహారు క్లియరెన్సులూ క్యామ్ తో వచ్చిన కాగితంలో ఉన్న అంకెలకి సరిపోయాయో లేదో కొలిచి, పాత కాగితం పక్కనే రాయండి. ఏదైనా ఒక్కటి మాత్రం మిగతావాటి కన్నా బాగా తగ్గిపోతూ ఉంటే, ఆ వాల్వ్ సీట్ లోకి దిగిపోతోందని అర్థం, హెడ్ ఇంకోసారి దించాల్సిందే.